గట్టిమేళం ఆపిన చెయ్యి

ఈ కుడిచేత్తో నేనొక పెళ్లిని ఆపాను. పందిట్లో వెయ్యిమంది జనం. పీటల దగ్గర పెళ్లికొడుకు తాళి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. పురోహితులవారు చెయ్యి పైకెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేకలేస్తున్నారు. నేను డోలు మీద వేలు కూడా వెయ్యలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఒక నిమిషమా, రెండు నిమిషాలా? పదకొండు నిమిషాలు! ఆ పదకొండు నిమిషాలూ రామచంద్రపురం చుట్టుపక్కల కాకి కూడా అరవలేదు.

మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. మా ఆవిడే నమ్మదు. నేనేం చెప్పినా సగం తీసేస్తుంది, మిగిలిన సగంలో మళ్లీ సగం తీసేస్తుంది, ఆ మిగిలిందాన్ని కూడా "చూద్దాంలెండి" అని పక్కన పెడుతుంది. దీనికి కారణం నేనే. పెళ్లయిన కొత్తలో, నిడదవోలు జంక్షన్లో నా డోలు వినడానికి ఒక ఎక్స్‌ప్రెస్ రైలు ఆగిందని చెప్పాను. ఆర్నెల్ల తర్వాత ఆవిడ పుట్టింటికి వెళ్తూ ఆ స్టేషన్లో దిగింది. అక్కడ అన్ని రైళ్లూ ఆగుతున్నాయి. అప్పట్నించీ ఇంట్లో నా మాట చెల్లదు.

అయినా ఈ పెళ్లి సంగతి మాత్రం రాయాలి. ఎందుకు రాయాలో తెలియాలంటే ముందు మేమెవరమో చెప్పాలి.

మేము నాయీబ్రాహ్మణులం. కాగితాల్లో అలా రాస్తారు. నా చిన్నప్పుడు ఆ కాగితంలోని మాట ఊళ్లో ఎవరి నోటా వినలేదు. వీధి చివర నుంచి "ఒరే" అని, ఆ తర్వాత కులం పేరు పెట్టి కేకేసేవారు. డెబ్బై ఏళ్ల మా తాత "వస్తన్నానండి బాబూ" అంటూ పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తేవాడు. పిలిచినవాడికి ఒక్కోసారి పదేళ్లు కూడా ఉండేవి కావు. మాకు రెండు పనులు. పొద్దున్న కత్తి, ముహూర్తానికి మేళం. మా నాన్నకి కాలవ గట్టు మీద చిన్న సెలూన్ ఉండేది. వచ్చినవాళ్లు తమ వంతు వచ్చేదాకా చదువుకోవడానికి దినపత్రికలూ వారపత్రికలూ వేయించేవాడు. అవి వాళ్లకంటే ముందు నేను చదివేసేవాణ్ణి. ఈ రాసే జబ్బు అక్కడ అంటుకున్నదే.

ఇక గట్టిమేళం. పెళ్లిలో తెల్లవారినప్పటినుంచీ వాయించేదంతా ఒక ఎత్తు, గట్టిమేళం ఒక ఎత్తు. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు ఒకసారి, తాళి కట్టేటప్పుడు ఒకసారి, పురోహితులు చెయ్యెత్తగానే సన్నాయీ డోలూ ఉన్న బలమంతా పెట్టి ఒక్కసారిగా మోగాలి. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి చెడ్డమాటా పెళ్లివారి చెవిన పడకూడదు. అందుకూ మేము. అంటే ఊళ్లోవాళ్ల తుమ్ములన్నీ మింగే బాధ్యత మాది. ఇంత బాధ్యత మా నెత్తిన పెట్టినవాళ్లు, అన్నానికి మాత్రం మమ్మల్ని వెనక్కి పంపేవారు.

మా నాన్న రోజుల్లో వెనక అంటే పశువుల సావిడి. బంతులన్నీ లేచాక, ఆఖర్న, నేల మీద. నా రోజుల్లోకి వచ్చేసరికి సావిళ్లు పోయాయి, కేటరింగులొచ్చాయి. సావిడి ఉన్నచోట జనరేటర్ వచ్చింది. మేము మాత్రం అక్కడే ఉన్నాం. ఫొటోలు తీసేవాళ్లు, డ్రోన్ ఎగరేసేవాళ్లు, పూలు కట్టేవాళ్లు అందరూ టేబుళ్ల దగ్గర కూర్చుని తింటారు. మేళంవాళ్లకి జనరేటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలు, ఒళ్లో కాగితం పళ్లెం. ఎవరూ తిట్టరు, కొట్టరు. "మీరు వెనక్కండి" అంటారు. అండి పెట్టే పంపిస్తారు. గోదావరి జిల్లాల మర్యాద ఎక్కడికి పోతుంది?

నేను దీన్ని నవ్వుతో సరిపెట్టుకునేవాణ్ణి. "జనరేటర్ పక్కన కూర్చుంటే లాభమేంటో తెలుసా? ఊరంతటికీ కరెంటు పోయినా మనకి ముందు తెలుస్తుంది" అని చెప్పి మావాళ్లని నవ్వించేవాణ్ణి. అందరూ నవ్వేవారు, మా బావ తప్ప. మా బావ అంటే మా అక్క మొగుడు, మా మేళానికి సన్నాయి. ఆయన తిన్నంత తిని, పళ్లెం నాలుగు మడతలు పెట్టి, చెయ్యి కడుక్కుని, మాట్లాడకుండా సన్నాయి తీసుకుని వెళ్లిపోయేవాడు. అన్నవరం కొండ మీద ఒకే రోజు వరసగా నాలుగు పెళ్లిళ్లకి ఊదిన ఊపిరి ఆయనది. ఈ నాలుగు మాత్రం నేను పెంచలేదు, నిజంగా నాలుగే. ఆయన పోయాక ఆ సన్నాయిని అక్క ఒక చెక్కపెట్టెలో పెట్టి, పైన పసుపు గుడ్డ కప్పింది. ఇక మేళం పనైపోయిందనుకున్నాం. మా తమ్ముడికి సన్నాయి వచ్చు గానీ, ఎవరైనా ముందు నడిస్తేనే వాడు వెనక నడుస్తాడు.

ఆ పెట్టె తెరిచింది నా మేనకోడలు. బావకి ఒక్కతే కూతురు. బి.కాం చదివి, రాజమండ్రిలో ఒక బట్టల షోరూంలో కంప్యూటర్ ముందు ఉద్యోగం చేస్తోంది. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని అంతా నేర్చుకుంది, మేమెవరం పట్టించుకోలేదు. "ఆడపిల్ల సన్నాయి ఊదడమేంటి, చూసేవాళ్లు నవ్వరూ?" అని మావాళ్లలో అన్నవాళ్లున్నారు. మొదట అన్నవాణ్ణి నేనే. ఆ పిల్ల ఏమీ అనకుండా పెట్టె తెరిచి, సన్నాయి నోటికి బిగించే పీక తడి చేసుకుని, ఊదింది. మా అక్క వంటింట్లోంచి గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, మొగుడు లేచొచ్చాడనుకుంది కాబోలు. నేను మరి నోరెత్తలేదు. నోరెత్తకపోవడం నా జీవితంలో అరుదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మాఘమాసంలో వచ్చింది ఆ పెళ్లి. రామచంద్రపురానికి దగ్గర్లో, మా తాత కత్తి పట్టుకు తిరిగిన ఊరే. ఆడపెళ్లివారు పెద్ద రైతులు. పెళ్లికూతురి తండ్రిని అందరూ బాబుగారనే అంటారు, నేనూ అలాగే అంటాను. చెడ్డమనిషి కాదు. వాళ్లింట్లో మూడు తరాల పెళ్లిళ్లకి మా ఇంటి మేళమే. పగటి ముహూర్తం. ఇంటి ముందు కొబ్బరితోటలో పెద్ద పందిరి వేసి, పక్కనే అరిటాకుల భోజనాలకి టేబుళ్లు వరసగా పరిచారు.

పొద్దున్నే విడిదింట్లో పెళ్లికొడుకుని తయారుచేసే పని కూడా నాకే తగిలింది. మగపెళ్లివారి తాలూకు మనిషి రాలేదట. పెళ్లికొడుకు గడ్డం కింద కత్తి పెట్టాను, చెంపలు నిమిరాను, "బాబూ, కదలకండి" అన్నాను. కుర్రాడు బుద్ధిగా కదలకుండా కూర్చున్నాడు. ఆ చెయ్యి కడుక్కునే పందిట్లోకి వచ్చాను.

టిఫిన్లు పెడుతున్నారు. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా, అల్లప్పచ్చడి. నా మేనకోడలు తిన్నగా వెళ్లి ఫొటోలవాళ్ల టేబుల్ దగ్గర ఖాళీ కుర్చీలో కూర్చుంది. చెవిలో వైరు పెట్టుకున్న కేటరింగ్ సూపర్‌వైజర్ వచ్చాడు.

"మేళంవాళ్లు ఇక్కడ కాదండి. వెనక జనరేటర్ దగ్గరండి. అక్కడికే పంపిస్తాం."

"ఎందుకండి?" అంది మా పిల్ల.

"అలా చెప్పారండి."

"ఎవరు చెప్పారండి?"

"పైనుంచి చెప్పారండి."

ఆ పిల్ల తల పైకెత్తి చూసింది. పందిరి మీద డ్రోన్ గుయ్యిమంటూ తిరుగుతోంది. "అదా చెప్పింది?" అంది.

ఫొటోలవాళ్లు నవ్వారు. సూపర్‌వైజర్ నవ్వలేదు, పాపం అతనికీ ఉద్యోగం ఉండాలి కదా. నేను గబగబా వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని "రావే తల్లీ, మనకక్కడ బాగుంటుంది" అని వెనక్కి తీసుకుపోయాను. జనరేటర్ దడదడా కొట్టుకుంటోంది. డీజిల్ వాసన. పళ్లేలొచ్చాయి. నేను నా పాత మాట అందుకున్నాను. "కూర్చోవే. ఊరంతటికీ కరెంటు పోయినా మనకి ముందు..."

ఆ పిల్ల నవ్వలేదు. తండ్రి ఎలా నవ్వేవాడు కాదో సరిగ్గా అలాగే నవ్వలేదు. పళ్లెంలోది ముట్టుకోకుండా పళ్లెం కుర్చీలో పెట్టింది.

"మావయ్యా, నాన్న ఇక్కడ కూర్చుని తినడం నేను చిన్నప్పట్నించీ చూశాను. ఆయన ఒక్కసారి కూడా ఇంకా ఆకలేస్తందని అడగలేదు. ఎందుకనుకున్నావు? ఇంకో ముద్ద ఇక్కడ అడగడం ఇష్టం లేక. నేను సన్నాయి వాయించడానికి వచ్చాను, ఈ కుర్చీలో కూర్చోడానికి రాలేదు. మధ్యాహ్నం భోజనం కూడా ఇక్కడే అయితే, ఇదే ఆఖరు. నాన్న సన్నాయి పెట్టెలో పెట్టి తాళం వేసేస్తాను. నువ్వు పెన్‌డ్రైవ్‌లో సన్నాయి పెట్టుకుని డోలు కొట్టుకో."

ఆ పిల్ల అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. ఆ సన్నాయి మళ్లీ పెట్టెలోకి వెళ్తే ఇక బయటికి రాదు, బావ ఊపిరి ఇక ఎక్కడా వినపడదు. నాకు ఇడ్లీ గొంతు దిగలేదు. దిగలేదంటే, రెండు దిగాయి. మూడోది దిగలేదు.

చెయ్యి తుడుచుకుని బాబుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన పట్టు పంచెలో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"బాబుగారండీ, చిన్న మనవండి."

"చెప్పవయ్యా. అన్నీ అందాయా?"

"అందాయండి. మధ్యాహ్నం మావాళ్లు కూడా బంతిలో కూర్చుంటామంటన్నారండి."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నాకేం పట్టింపు లేదయ్యా. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు చూస్తన్నారు? మగపెళ్లివారు ఏమనుకుంటారో అని. వాళ్లు మరీ పాతకాలం మనుషులు. పెద్దవాడివి, నీకు తెలీనిదేముంది?"

పెద్దవాడివి అనగానే నేను తలూపేశాను. ఆ మాటకి తలూపకుండా ఉండటం నాకు చేతకాదు. తిరిగొచ్చాను.

"ఏమన్నారు?" అంది మా పిల్ల.

"నన్ను పెద్దవాడివన్నారు."

"భోజనం సంగతి?"

"అది తేల్లేదు."

అప్పుడు చెప్పింది ఆ పిల్ల, ఏం చెయ్యాలో. "జీలకర్రా బెల్లం దగ్గర బాగా వాయిద్దాం. ముహూర్తం ఘడియ దాటకూడదు, ఆ పెళ్లికూతురు మనకేం చేసింది? తాళి దగ్గర ఆగుదాం. దానికి ఘడియ తరిగిపోయే భయం లేదు. వాళ్లు ఒక్కమాట ఒప్పుకుంటే ఆ క్షణంలోనే వాయిద్దాం. నేను ఊదను, చిన్న మావయ్య ఊదడు, నువ్వు కొట్టకూడదు. నీ మీదే నాకు అనుమానం."

"నా మీదా? నా చెయ్యి కదిలితే అడుగు!" అని మీసం తిప్పాను. ఉన్న మీసమే తిప్పాను, అంత పెద్దదేమీ కాదు.

జీలకర్రా బెల్లానికి ఆ పిల్ల ఊదిన తీరు నేనెప్పటికీ మర్చిపోను. వడ్డనవాళ్లు బకెట్లు పట్టుకుని నిలబడిపోయారు. పురోహితులవారు మంత్రం మధ్యలో ఒకసారి తలతిప్పి చూశారు. ఇంత బాగా వాయించేది పెట్టెలోకి పోతుందే అనుకుంటూ డోలు తాడు బిగించాను. తర్వాత తాళిబొట్టు పళ్లెంలో పెట్టి పెద్దవాళ్లందరికీ చూపించారు. అందరూ కళ్లకద్దుకున్నారు. పళ్లెం తిరిగొచ్చింది. పెళ్లికొడుకు తాళి తీసుకుని లేచి నిలబడ్డాడు. పురోహితులవారు చెయ్యెత్తారు.

"గట్టిమేళం!"

ఇక్కడిదాకా వచ్చాక నిజం చెప్పకపోతే లాభం లేదు. నేను చేతులు కట్టుకుని కూర్చోలేదు. కొట్టాను. నలభై ఏళ్ల అలవాటు. ఆయన చెయ్యి లేచిందంటే నా చెయ్యి పడుతుంది, మధ్యలో నా బుర్రతో ఎవరికీ పని లేదు. ధన్, ధన్, ధన్ అని మూడు దెబ్బలు పడ్డాయి. నాలుగోది పడబోతుంటే నా మేనకోడలి అరచెయ్యి వచ్చి డోలు మొహం మీద పరుచుకుంది. శబ్దం అక్కడికక్కడే చచ్చింది. పెళ్లిని ఆపిన చెయ్యి అది. నాది కాదు. నేను ఇన్నాళ్లూ నా చెయ్యి చూపించి చెప్పుకుంటున్నాను. ఆ చెయ్యి చివరిదాకా డోలు మీద అలాగే ఉంది. ఉండబట్టే నేను ఆగాను.

వెయ్యిమంది కూడా లేరు. వెయ్యిమందికి వంట చేశారు. పందిట్లో ఉన్నవాళ్లు మూడొందలు ఉంటారేమో, అందులో సగంమంది ఫోనుల్లో ఉన్నారు.

పందిరంతా నిశ్శబ్దం. గట్టిమేళం మోగాల్సిన చోట నిశ్శబ్దం వస్తే ఎలా ఉంటుందో నేను అప్పటిదాకా ఎరగను. పురోహితులవారి చెయ్యి గాల్లోనే ఉంది. ఆ నిశ్శబ్దంలో, ముందు వరస సోఫాలో కూర్చున్న పెళ్లికూతురి తాతగారు, ఎనభై దాటిన మనిషి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, పందిరి గుంజలు కదిలేలా తుమ్మారు.

పురోహితులవారు చటుక్కున పెళ్లికొడుకు చెయ్యి పట్టుకున్నారు. "ఆగండి! ఆగండి బాబూ! మేళం ఏదీ? ఆ మేళం ఉన్నది ఎందుకయ్యా, దీనికి కాదూ?"

బాబుగారు ఒక్క అంగలో మా ముందుకొచ్చారు. "వాయించవయ్యా! ఏం చూస్తున్నావు? వాయించు!"

నేను డోలు వంక చూశాను. మా తమ్ముడు నేల వంక చూశాడు. మా పిల్ల ఒక్కతే ఆయన మొహంలోకి చూసింది.

"వాయిస్తామండి. మధ్యాహ్నం మేము కూడా అందరితో పాటు బంతిలో కూర్చుంటామండి. సరేనంటే ఇప్పుడే వాయిస్తాం."

"ఇదా సమయం ఇది మాట్లాడటానికి?"

"పొద్దున్న మావయ్య అడిగాడండి. అప్పుడూ సమయం కాలేదు."

"నాకేం లేదమ్మా! నేనేమన్నా అన్నానా? మగపెళ్లివారు ఏమనుకుంటారో అనే కదా..."

పీటల పక్కన నిలబడ్డ పెళ్లికొడుకు తండ్రి ఇది విన్నాడు. "మేమెప్పుడన్నాం బావగారూ? మమ్మల్నెవరడిగారు? మీ ఊళ్లో పద్ధతి అలా ఉందని మాకు మీరే చెప్పారు కదా!"

అప్పుడు చూడాలి. మూడు తరాల నుంచి మమ్మల్ని వెనక కూర్చోబెట్టిన పద్ధతి ఎవరిదంటే, ఆ పందిట్లో చెయ్యెత్తినవాడు లేడు. వాళ్లనుకుంటారని వీళ్లు, వీళ్లనుకుంటారని వాళ్లు. మధ్యలో జనరేటర్ పక్కన మేము.

ఈలోగా సౌండ్ సిస్టం కుర్రాడికి హుషారు పుట్టింది. "సార్, ఫోన్లో గట్టిమేళం ఉంది సార్, పెట్టేస్తాను" అని ఫోను స్పీకర్లకి కలిపాడు. ముందు ప్రకటన వచ్చింది. పందిరి నాలుగు మూలలనుంచీ ఒక ఆడగొంతు, "మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నారా?" అని అడిగింది. తాతగారు "అవును" అన్నారు.

నవ్వు ఆగలేదు. మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ కలిసి నవ్వారు. పురోహితులవారు మాత్రం నవ్వలేదు. "ఫోనులో మేళంతో తాళి కట్టించడం నావల్ల కాదు. ఆ అమ్మాయి వాయిస్తే విన్నాను పొద్దున్న. వాళ్లతోనే వాయించండి" అన్నారు. అప్పుడు పీటల మీదనుంచి పెళ్లికూతురు, వంచిన తల వంచినట్టే ఉంచి, అందరికీ వినపడేలా అంది. "నాన్నా, వాళ్లు కూర్చుని తింటే మనకి పోయిందేంటి? నాకు మెడ పట్టేసింది. ఈ దండ బరువు నీకేం తెలుస్తుంది?"

బాబుగారి మొహం ఎర్రబడింది, తర్వాత మామూలైంది. "సరే సరే. కూర్చోండి. మొదటి బంతిలోనే కూర్చోండి. వాయించండమ్మా."

నా చేతులు లేచాయి. మా పిల్ల మాత్రం సన్నాయి ఎత్తలేదు. "మైకులో చెప్పండి బాబుగారండీ. నా చెవిలో చెప్పింది మధ్యాహ్నానికి వడ్డనవాళ్ల దాకా పోదు."

 బాబుగారు మైకు అందుకున్నారు. "మేళంవారు... మన మేళంవారు మొదటి బంతిలో భోజనానికి కూర్చుంటారు. కేటరింగ్ వాళ్లు గమనించాలి" అన్నారు. మేళంవారు. మా తాతని ఒరే అని పిలిచిన ఊరు అది. మైకులో "వారు" అన్న ఆ ముక్క కొబ్బరితోట దాటి కాలవ అవతలిదాకా వినపడింది. ఇది పెంచి చెప్పడం కాదు, స్పీకర్లు నిజంగానే అంత పెద్దవి.

అప్పుడు వాయించాం. పెళ్లికూతురి మెడలో మూడుముళ్లూ పడ్డాయి. తాతగారు ఇంకోసారి తుమ్మారేమో నాకు తెలియదు. తుమ్మినా మింగేశాం.

ఆ పిల్ల షోరూంలో పనిచేసే స్నేహితురాలు ఒకమ్మాయి పెళ్లి చూడ్డానికి మాతో వచ్చింది, ఇదంతా ఫోనులో తీసింది. అందులో చూసుకుంటే, పురోహితులు చెయ్యెత్తడం నుంచి మేము వాయించడం దాకా మూడు నిమిషాలు. పదకొండు ఎలా అయిందంటే, మొదటిసారి చెప్పినప్పుడు అయిదన్నాను. ఎవరూ కాదనలేదు. మనిషన్నాక ఆశ ఉంటుంది.

మధ్యాహ్నం మొదటి బంతిలో కూర్చున్నాం, నలుగురం. నలుగురం ఎలాగంటే, ముగ్గురం మేళంవాళ్లం, ఆ ఫోనులో తీసిన అమ్మాయి. మా వరసలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు "చెయ్యి కడుక్కుని వస్తాం" అని లేచి వెళ్లారు. ఆ చేతులు ఎంత మురికిగా ఉన్నాయో, మళ్లీ రాలేదు. ఖాళీ అయిన కుర్చీ ఒకటి లాక్కుని, మోకాళ్లు పట్టుకుంటూ తాతగారు నా పక్కన చేరారు.

"ఏవయ్యా డోలూ, నా తుమ్ముకి ఇంత కథ చేశారేంటి మీరు?"

"మీ తుమ్ము లేకపోతే మాకు బూరెలు లేవండి" అన్నాను.

ఆయన నవ్వి, వడ్డించే కుర్రాణ్ణి పిలిచి, నా ఆకులో ఇంకో రెండు బూరెలు వేయించారు. పనసపొట్టు కూర, పులిహోర, గుత్తివంకాయ, బూరెల మధ్య గుంటచేసి నెయ్యి. నలభై ఏళ్లుగా ఇవన్నీ నేను తింటూనే ఉన్నాను, అవే వంటలు. కాని అరిటాకు టేబుల్ మీద పరుచుకుని, రెండు మోచేతులూ ఆనించి తింటే రుచి వేరుగా ఉంటుందని నాకు తెలియదు. మా పిల్ల తలెత్తకుండా తింటోంది. రెండోసారి అన్నం వడ్డించమని అడిగింది. అప్పుడు నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆవఘాటు అనుకున్నారు తాతగారు.

తర్వాత అన్నీ సజావుగా జరిగిపోయాయని చెప్పను. ఆ ఏడాది రెండిళ్లవాళ్లు "మీవాళ్లు మరీ మాట్లాడుతున్నారంట" అని మమ్మల్ని పిలవడం మానేశారు. వేరే ఊరి మేళాన్ని పిలిచారు. ఆ మేళంవాళ్లు మావాళ్లకి చుట్టాలే. ఆ అమ్మాయి తీసిన వీడియో వాళ్ల ఫోనులకి కూడా వెళ్లింది. వాళ్లు దిగీ దిగగానే "భోజనం ఎక్కడండి?" అని అడిగారట. టేబుల్ అని చెప్పాకే డోలు సంచి విప్పారట. ఇప్పుడు మా చుట్టుపక్కల మేళానికి కబురొస్తే ముహూర్తం తర్వాత అడిగే మాట అదే. సరేనన్న ఇళ్లున్నాయి, గొణిగిన ఇళ్లున్నాయి. ఒకచోట మాకు విడిగా టేబుల్ వేసి, "మీకు ప్రత్యేకమండి" అన్నారు. మా పిల్ల ఆ ప్రత్యేకాన్ని నలుగురిచేత మోయించి అందరి టేబుళ్ల మధ్యలో వేయించింది.

సన్నాయి పెట్టెలోకి వెళ్లలేదు. ఆ పెట్టెలో ఇప్పుడు మా అక్క శీతాకాలం దుప్పట్లు పెట్టుకుంటోంది.

ఇదంతా రాసి, మొన్న ఆదివారం నా మేనకోడలి చేతికిచ్చాను. అరుగు మీద కూర్చుని, గ్లాసులో పీకలు నానేసుకుని, మొదట్నించీ చివరిదాకా చదివింది. రైలు దగ్గర నవ్వింది. బూరెల దగ్గర నవ్వలేదు.

"బాగుంది మావయ్యా. రెండు తప్పులున్నాయి."

"పదకొండు నిమిషాలూ ఒప్పేసుకున్నాను, వెయ్యిమందినీ ఒప్పేసుకున్నాను. మీసం కూడా ఒప్పుకున్నాను. ఇంకేంటే?"

"అలవాటు అని రాశావు. అలవాటు కాదు, భయం. పంతులుగారు చెయ్యెత్తినప్పుడు నువ్వు ఆయన్ని చూడనే లేదు. బాబుగారు నీ వంక చూశారు, నువ్వు కొట్టావు. వీడియోలో ఉంది. చూపించమంటావా?"

నేను అక్కర్లేదన్నాను.

"రెండోది. నేను చెయ్యి చివరిదాకా డోలు మీద ఉంచలేదు. తాతగారు తుమ్మగానే తీసేశాను, సన్నాయికి రెండు చేతులూ కావాలి కదా. ఆ తర్వాత నీ డోలు మీద ఎవరి చెయ్యీ లేదు. బాబుగారు ఎదురుగా నిలబడి వాయించు వాయించు అని అరుస్తున్నా నువ్వు కొట్టలేదు. వణుకుతూ కూర్చున్నావు, కొట్టలేదు. నేను సన్నాయి పెట్టెలో పెట్టకపోవడానికి కారణం అదీ. టేబుల్ మీద ఆకు వేశారని కాదు. లేని గొప్పలన్నీ రాసుకుని, ఉన్నదొక్కటీ వదిలేశావేంటి మావయ్యా?"